రెండు గుమ్మాలు, ఒకే తలుపు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా అమలాపురంలో ఒక హృద్రోగ వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. సార్వా కోతల రోజుల్లో ఇంతమంది వస్తారని అనుకోలేదు. ముందు వరుసలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు కూర్చున్నారు. కాబట్టి ఈ సాయంత్రం అంకెలు తప్పు చెప్పే ధైర్యం నాకు లేదు.

నిర్వాహకులు నన్ను గుండె జబ్బులు, జాగ్రత్తలు అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఉప్పు తగ్గించండి, నడవండి, పొగ మానండి అని చెప్పి పావుగంటలో కూర్చోవచ్చు. అవన్నీ మీకు తెలుసు. తెలిసీ మనం చేయము అన్న సంగతి నాకు తెలుసు. (నవ్వులు) అందుకని ఒక్క సంగతే చెబుతాను. గుండె నుంచి రక్తం బయటకు వెళ్లే దారిలో, వైద్యులమే మంచి చేయబోయి తెచ్చిపెట్టే ఒక ఇరుకు ఉంది. దాని గురించి.

మా నాన్నగారు కాలువల శాఖలో లస్కరు. నేను లాకుల పక్కన క్వార్టర్లో పెరిగాను. లాకు తలుపులు, అంటే కాలువలో నీళ్లను ఆపి పడవలను దాటించే తలుపులు, మీలో పెద్దవాళ్లందరూ చూసే ఉంటారు. పడవలు తిరిగిన రోజులు కదా అవి. రెండు రెక్కలు ఉంటాయి. మూసినప్పుడు అవి తిన్నగా ఒక గోడలాగా నిలబడవు. నీళ్లు ఎక్కువగా ఉన్న వైపుకు కొంచెం ముక్కులాగా పొడుచుకుని నిలబడతాయి. ఎగువ నీటి ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ రెండు రెక్కలూ ఒకదాన్ని ఒకటి ఇంకా గట్టిగా ఒత్తుకుంటాయి. గడియ అక్కర్లేదు, మనిషి పట్టుకుని నిలబడక్కర్లేదు. మూసి ఉంచేది నీళ్లే. ఆ తలుపును ఇంగ్లీషు ఇంజనీర్లు మైటర్ గేటు అంటారు. మైటర్ అంటే బిషప్పులు పెట్టుకునే రెండు పలకల ఎత్తు టోపీ. మన గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల కవాటం ఉంది. బడి పుస్తకాల్లో అగ్రద్వయ కవాటం అని చదివారు. దానికి పదహారో శతాబ్దంలో వెసాలియస్ అనే శరీర శాస్త్రవేత్త ఆ టోపీని చూసే మైట్రల్ అని పేరు సూచించాడు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి, కాలువలు తవ్వి, లాకులు కట్టించిన పద్ధతికీ, మన ఛాతీలో పుట్టుకతో వచ్చిన తలుపుకీ పేరు ఒకటే, పని తీరూ ఒకటే. నాకు ఈ సంగతి వైద్య కళాశాలలో మూడో ఏట తెలిసింది. ఆ ఆదివారం ఇంటికి వచ్చి నాన్నకు చెబితే, "అయితే గ్రీజు ఎవరు పెడతారు?" అని అడిగారు. (నవ్వులు)

ఇప్పుడు అసలు విషయం. ఎడమ కింది గదికి రెండు గుమ్మాలు. ఒకటి రక్తం లోపలికి వచ్చే గుమ్మం, దానికి మైట్రల్ తలుపు. రెండోది బయటకు వెళ్లే గుమ్మం, దాని అవతల బృహద్ధమని, అంటే ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద కాలువ. ఈ రెండు గుమ్మాలూ గదికి ఎదురెదురుగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. కాదు. పక్కపక్కనే ఉంటాయి, ఒకే గోడలో. మైట్రల్ తలుపు రెండు రెక్కల్లో ముందు రెక్క సరిగ్గా ఆ రెండు గుమ్మాల మధ్య వేలాడుతూ ఉంటుంది.

పాత ఇళ్లలో పడకగది తలుపు తీస్తే వంటింటి నడవకు అడ్డం పడే ఏర్పాటు మీరు చూసే ఉంటారు. గుండెది అలాంటి ఇల్లే. అయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే రెండు గుమ్మాలూ ఒకేసారి వాడుకలో ఉండవు. రక్తం లోపలికి వచ్చేటప్పుడు ఆ రెక్క బయటి దారి వైపుకు తెరుచుకుంటుంది. ఆ క్షణాన బయటి దారితో పని లేదు. గుండె ముడుచుకుని రక్తాన్ని బయటకు నెట్టేటప్పుడు రెక్క వెనక్కి వెళ్లి మూసుకుంటుంది, బయటి దారి ఖాళీ అవుతుంది. ఇలా రోజుకు దాదాపు లక్ష సార్లు.

ఇప్పుడు ఆ తలుపు పాడైంది అనుకోండి. కీళ్లవాతం జ్వరం వల్ల రెక్కలు అతుక్కుపోవచ్చు. వయసుతో సాగి, మూసుకోక, రక్తం వెనక్కి కారవచ్చు. కొందరు పెద్దవాళ్లలో తలుపు చట్రం చుట్టూ సున్నం పేరుకుని రాయిలా తయారవుతుంది. మందులతో కుదరకపోతే ఛాతీ తెరిచి, తలుపు బాగుచేయడమో మార్చడమో చేస్తారు. శస్త్రచికిత్స అంటే మన లెక్కలో కాలువ కట్టేయడం. ఎండాకాలంలో కాలువలకు నీళ్లు ఆపి, తూములు, లాకులు మరమ్మతు చేస్తారు కదా, అలాగే గుండెను ఆపి, ఒంటికి రక్తం అందించే పని ఒక యంత్రానికి అప్పగించి, పొడి నేల మీద పని చేసుకుంటారు సర్జన్లు. చాలామందికి ఇప్పటికీ అదే మంచి దారి. కానీ ఎనభై ఏళ్ల వయసు, పాడైన కిడ్నీలు, ఒకసారి ఇదివరకే ఛాతీ తెరిచిన మనిషి, ఇలాంటివాళ్లు ఆ కట్టివేతను తట్టుకోలేరు. వాళ్ల కోసం వచ్చిందే కాథెటర్ పద్ధతి. తొడ దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపి, ముడిచిపెట్టిన కొత్త కవాటాన్ని గుండె దాకా తీసుకెళ్లి, పాత తలుపు చట్రంలో విప్పడం. కాలువ పారుతూ ఉండగానే తలుపు బిగించడం అన్నమాట.

బయటి గుమ్మానికి ఉండే బృహద్ధమని కవాటానికి ఈ పని మొదట చేసినవాడు ఫ్రాన్స్‌లోని రువాన్ నగరపు వైద్యుడు అలెన్ క్రిబియే, 2002 ఏప్రిల్‌లో. మైట్రల్‌కు రావడానికి మరో పదేళ్లు పట్టింది. 2012లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో మొదటిసారి చేశారు. ఆ పదేళ్ల ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నాయి. చట్రం గుండ్రంగా ఉండదు, కొత్త కవాటం పట్టుకు నిలవడానికి గట్టి అంచు ఉండదు. కానీ అందరినీ ఎక్కువ భయపెట్టినది నేను చెప్పబోయే ఇరుకే.

కొత్త కవాటం ఎలా ఉంటుంది? లోహపు తీగల గుండ్రని చట్రం, లోపల ఆవు గుండె పైపొరతోనో అలాంటి కణజాలంతోనో కుట్టిన రెక్కలు. పాత తలుపు రెక్కలను కోసి తీసే వీలు కాథెటర్‌కు లేదు. అందుకని ఈ చట్రం పాత రెక్కలను పక్కలకు నెట్టి, వాటి మధ్యలో విచ్చుకుంటుంది. నెట్టిన ముందు రెక్క ఇక వెనక్కి రాదు. తలుపు బార్లా తీసి మేకు కొట్టేసినట్టు. మేకు కొట్టింది ఎక్కడ? బయటి గుమ్మానికి అడ్డంగా.

ఇక రక్తం బయటకు పోవాల్సింది ఎటు నుంచి? ఒక పక్క మేకు కొట్టిన ఆ రెక్క, మరో పక్క గుండె రెండు కింది గదుల మధ్య ఉండే కండ గోడ. ఈ రెంటి మధ్య మిగిలిన సందులోంచి. ఆ సందు కావలసినంత ఉంటే మనిషి మర్నాడు లేచి నడుస్తాడు. లేకపోతే ఆ బల్ల మీదే కథ అడ్డం తిరుగుతుంది.

నేను చూశాను. శిక్షణ రోజుల్లో, వేరే ఊళ్లో. ఆస్పత్రి పేరు చెప్పను, అది అవసరం కూడా కాదు. రోగి పెద్దాయన, చట్రం నిండా సున్నం. కవాటం చక్కగా కూర్చుంది. తెర మీద చూస్తే చట్రానికి చట్రం అతికినట్టుంది. మా పెద్ద డాక్టరు చేతి తొడుగులు తీసేస్తున్నారు. అప్పుడు రక్తపోటు పడిపోవడం మొదలైంది. నూటపది, తొంభై, డెబ్బై. రక్తపోటు పడితే గుండెను గట్టిగా కొట్టించే మందు పెట్టడం అలవాటు. ఎవరో పెట్టారు. ఇంకా పడిపోయింది. సందు ఇరుకైనప్పుడు గుండెను మరింత గట్టిగా ముడుచుకోమంటే, కండ గోడ ఇంకా లోపలికి ఉబుకుతుంది, సందు ఇంకా మూసుకుంటుంది. ఎకో పెట్టి చూస్తే గది లోపల ఒత్తిడి ఒకలా, బృహద్ధమనిలో మరొకలా ఉన్నాయి. మధ్యలో అడ్డు. ఆయన నాలుగో రోజు పోయారు. తలుపు మాత్రం ఆఖరి దాకా బ్రహ్మాండంగా పనిచేసింది.

ఆ రోజు మేం చేసిన తప్పు బల్ల మీద చేసింది కాదు. అంతకు వారం ముందు చేయాల్సిన కొలత చేయలేదు. ఆ కొలతే నేను ఈ రోజు చెప్పదలచుకున్న సంగతి.

ఎలా కొలుస్తారు? సీటీ స్కాన్ తీస్తారు, మామూలుది కాదు. గుండె కొట్టుకుంటున్న వరస మొత్తం పట్టేలా, రంగు మందు ఎక్కించి తీస్తారు. ఆ బొమ్మల్ని కంప్యూటర్లో పెట్టి, రేపు పెట్టబోయే కవాటం ఎంత పొడవో, ఎంత వెడల్పో అంతే కొలతతో ఒక నకలు కవాటాన్ని తెర మీద ఆ చట్రంలో కూర్చోబెడతారు. అప్పుడు బయటి దారిలో ఎంత సందు మిగులుతుందో గుండె ముడుచుకున్న ఘడియలో కొలుస్తారు. ముడుచుకున్నప్పుడే సందు సన్నబడుతుంది. విప్పారినప్పుడు కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. వేసవిలో ఎండిపోయిన మురుగు కాలువను చూసి, వరద నీరు పోతుందో లేదో తేల్చలేం కదా.

మామూలు మనిషికి ఆ దారి మన కొత్త రూపాయి బిళ్లంత ఉంటుంది, అంటే అడ్డకొలత 20 మిల్లీమీటర్లు కాస్త అటూఇటూగా. 2019లో వచ్చిన ఒక అధ్యయనం, కవాటం పెట్టాక మిగిలే సందు 1.7 చదరపు సెంటీమీటర్లకు మించకపోతే అడ్డు పడే ప్రమాదం ఎక్కువ అని తేల్చింది. మాస్టారు లెక్క కట్టే లోపల నేనే చెబుతాను. గుండ్రంగా ఉందనుకుంటే అడ్డకొలత 15 మిల్లీమీటర్ల లోపు. మన పాత పది పైసల స్టీలు బిళ్ల కంటే కొంచెం చిన్నది. నిజానికి అది గుండ్రంగా ఉండదు, తదియ నాటి చంద్రవంకలా వంగి ఉంటుంది. ఒంటికి నిమిషానికి అయిదు లీటర్ల రక్తం ఆ వంక లోంచే పోవాలి. ఆ అంకె గీత గీసినట్టు అందరికీ ఒకటే అని నేను నమ్మను. చిన్న ఒళ్లు, చిన్న గుండె ఉన్న మన ఆడవాళ్ల విషయంలో ఇంకా ఆలోచించి చూడాలి. కానీ కొలవకుండా వెళ్లడానికి ఆ అంకె ఒప్పుకోదు.

అందరికీ ఒకే ప్రమాదం కాదు. వివిధ దేశాల్లో 521 మందికి జరిగిన చికిత్సల లెక్క 2019లోనే వచ్చింది. ఇదివరకు సర్జన్లు పెట్టిన కణజాల కవాటం పాడైతే, దాని లోపల కొత్తది పెట్టినవాళ్లలో నూటికి ఇద్దరికి దారి అడ్డుపడింది. కవాటం చుట్టూ ఉంగరం మాత్రమే కుట్టి ఉన్నవాళ్లలో నూటికి అయిదుగురికి. సున్నం పట్టిన సొంత చట్రంలో పెట్టినవాళ్లలో నూటికి దాదాపు 40 మందికి. ఆ మూడో అంకెను చూసిన రాత్రి నేను నాలుగో రోజు పోయిన ఆ పెద్దాయన్ను తలుచుకున్నాను. తేడా ఎందుకంటే, మొదటి రకం వాళ్లలో చాలామందికి ముందు రెక్కను సర్జను ఎప్పుడో కోసి తీసేసి ఉంటారు. అడ్డం పడేందుకు ఇంకేమీ మిగలదు, పాత కవాటపు రెక్కలు తప్ప.

ఇంకొన్ని గుర్తులు కూడా చూస్తాం. ముందు రెక్క పొడవుగా ఉందా, కండ గోడ ఉబ్బెత్తుగా ఉందా, గది చిన్నదా, రెండు గుమ్మాల మధ్య కోణం ఎలా ఉంది అని. ఇంకో రకం అడ్డు కూడా ఉంది, అది చట్రం వల్ల కాదు. రెక్క కొస పొడవుగా ఉంటే, వేగంగా వెళ్లే రక్తం దాన్ని తనతో ఈడ్చుకుపోతుంది. కాలువలో జాడిస్తున్న చీర కొంగు ప్రవాహం వెంట సాగినట్టు. అది వచ్చి పోయే అడ్డు. దానికి సెలైన్ ఎక్కించి, గుండె వేగం తగ్గించే మందులిచ్చి నెట్టుకు రావచ్చు. చట్రం వల్ల వచ్చిన అడ్డుకు మాత్రం మందు లేదు.

సరే, కొలిచాం, సందు చాలదు. అప్పుడు ఏం చేయాలి?

ఒక దారి, ఆ రెక్కను ముందే చీల్చేయడం. నాకు ఇష్టమైన ఉపాయం ఇది, కాబట్టి కొంచెం సాగదీస్తాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జాఫర్ ఖాన్, రాబర్ట్ లెడర్‌మన్ అనే వైద్యులు, డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రిలో ఆడమ్ గ్రీన్‌బామ్, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో వసిలిస్ బాబలియారోస్ కలిసి దీన్ని తీసుకొచ్చారు. పేరు ల్యాంపూన్. ఇంగ్లీషులో ఆ మాటకు వెక్కిరింత అని అర్థం. సరదా మనుషులు. గుండెలో రెండు వైపుల నుంచి రెండు గొట్టాలు పంపుతారు. ఒకదానిలోంచి వెంట్రుకంత తీగ తెచ్చి, రెక్క మొదట్లో ఆనించి, విద్యుత్తు పంపుతారు. తీగ కొస రెక్కను దూసుకుని అవతలికి వెళుతుంది. అవతల ఉన్న గొట్టంలోని ఉచ్చు దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు తీగ రెక్క చుట్టూ ఒక కొక్కెంలా ఉంది. ఆ వంపు దగ్గర మాత్రం పై పూత గీకేసి ఉంటుంది. మళ్లీ విద్యుత్తు పంపి లాగితే, ముందు రెక్క మొదలు నుంచి కొస దాకా మధ్యకు చీలుతుంది. కొబ్బరాకు ఈనె వెంట చీల్చినంత తిన్నగా. ఆ సమయంలో గొట్టంలోంచి ఉప్పు నీళ్లు కాకుండా గ్లూకోజు నీళ్లు పోస్తారు, ఎందుకంటే ఉప్పు నీళ్లు విద్యుత్తును చుట్టూ ఉన్న రక్తంలోకి పంచేస్తాయి.

చీలిన రెక్క ఏమవుతుంది? కొత్త కవాటం విప్పినప్పుడు అది గుమ్మం తెరలా రెండు పక్కలకూ తొలగుతుంది. చట్రం తీగల మధ్య కన్నాల్లోంచి రక్తం దారి చేసుకుంటుంది. 2019లో 30 మంది మీద జరిగిన మొదటి పరీక్షలో అందరిలోనూ రెక్క చీల్చగలిగారు, బల్ల మీద ఎవరూ పోలేదు, 30 రోజుల తర్వాత నూటికి 93 మంది బతికి ఉన్నారు. చీల్చడానికీ కొత్త తలుపు బిగించడానికీ మధ్య ఉన్న కాసేపూ గుండెకు తలుపు లేనట్టే. చేతిలో కొత్తది సిద్ధంగా పెట్టుకునే చీల్చాలి. చట్రం చుట్టూ గుడ్డ పూర్తిగా చుట్టి ఉన్న కవాటమైతే కన్నాలు ఉండవు, అప్పుడు ఈ చీల్పు వల్ల లాభం తక్కువ. రెక్కదా తప్పు, చట్రానిదా తప్పు అని ముందే తేల్చుకోవాలి.

రెండో దారి, ఎదుటి గోడను తగ్గించడం. ఆ కండ గోడకు రక్తం అందించే చిన్న నాళంలోకి ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఎక్కిస్తారు. (నవ్వులు) ఆ మందు కాదండీ. అక్కడి కండ చచ్చి, వారాల తరబడి పలచబడుతుంది. 1994లో లండన్‌లో ఉల్రిచ్ సిగ్‌వార్ట్ వేరే జబ్బు కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇక్కడ అక్కరకు వచ్చింది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, మళ్లీ సీటీ తీసి కొలుస్తారు. చిక్కేమిటంటే, గుండె విద్యుత్తు తీగలు కూడా ఆ గోడలోనే ఉంటాయి. అవి దెబ్బతింటే పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. ఆల్కహాలు వెళ్లే నాళం దొరకనివాళ్లకు అదే విద్యుత్తు తీగతో గోడను గీసి విప్పే కొత్త పద్ధతి కూడా వచ్చింది. అది ఇంకా కొద్ది చోట్లే చేస్తున్నారు.

మూడో దారి, వద్దు అనడం. దీనికి పేరూ లేదు, యంత్రమూ లేదు. నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇదే. మొన్న ఒక లంక గ్రామం నుంచి కొడుకు తండ్రిని తీసుకొచ్చాడు. ఆక్వా చెరువులున్న కుటుంబం, డబ్బు సమస్య కాదు. సందు లెక్క చూస్తే ఒక చదరపు సెంటీమీటరు కూడా రాదు. "ఎంతైనా ఫరవాలేదండి, చేయండి" అన్నాడు. గంటసేపు తెర మీద ఆ చంద్రవంకను చూపించాను. చివరికి ఆ పెద్దాయనే అన్నారు, "బోదె ఇంత సన్నగా ఉంటే చేనుకు నీళ్లు ఎలా వస్తాయిరా" అని. మందులు సరిచేసి పంపాను. నడక తగ్గింది కానీ ఇంట్లో మనవళ్లతో ఉన్నారు.

మన జిల్లాల్లో కీళ్లవాతం వల్ల మైట్రల్ పాడై, ముప్ఫై నలభై ఏళ్లకే ఛాతీ తెరిపించుకుని, కణజాల కవాటం పెట్టించుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి కవాటం పది పదిహేనేళ్లకు అరుగుతుంది. అప్పుడు దాని లోపల కాథెటర్‌తో మరొకటి పెట్టవచ్చు. కానీ పాతది ఏ కంపెనీది, ఏ సైజుది అని తెలియాలి. ఆపరేషన్ అయినప్పుడు ఒక చిన్న కార్డు ఇస్తారు. దాని మీద అవన్నీ ఉంటాయి. చాలామంది ఆ కార్డును మందుల చీటీతో కలిపి పారేస్తారు. దయచేసి దాన్ని పొలం పాసుపుస్తకంతో పాటు బీరువాలో పెట్టండి. ఫోనులో ఒక ఫోటో తీసి పిల్లలకు పంపండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: డాక్టరుగారూ, నాకు మైట్రల్ ఆపరేషన్ చేసి పన్నెండేళ్లయింది. కార్డు ఉండేది. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చి కాగితాలన్నీ పోయాయి. ఇప్పుడేం చేయాలి?)

మీది ఏ లంకమ్మా? సరే. ముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి మీ పేరు, తేదీ రాసి అడిగించండి, ఆపరేషన్ రికార్డులో సైజు ఉంటుంది. వాళ్ల దగ్గరా దొరకకపోతే, ఎక్స్‌రేలో కవాటం చట్రం ఆకారాన్ని బట్టి ఏ రకమో చాలావరకు పట్టుకోవచ్చు, సీటీలో లోపలి కొలత తీయవచ్చు. ఆయాసం వస్తోందా? మెట్లెక్కితేనా, పడుకున్నా వస్తోందా? పడుకున్నా అంటే ఆలస్యం చేయకండి. సోమవారం ఓపీకి వచ్చేయండి. కాగితాలు లేవని దిగులు పడకండి, కవాటం ఎలాగూ మీతోనే వస్తుంది.

(నవ్వులు, చప్పట్లు)